తేరుకునే దాకా

ఒకినావా ఉత్తరపు కొసన
హోటల్ కోసం కోసిన కొండ కింద
రాత్రి కాపలా నాది.
కాపలా దొంగలకి కాదు,
నీళ్లకి.

మే నెల ముసురు పట్టి తొమ్మిదో రోజు.
తోలు ఒలిచిన వాలు మీద
నీలం పరదాలు గాలికి లేస్తుంటే
ఇసుక బస్తాలు మోసి మోసి
నడుం నాది కాకుండా పోయింది.
వాలంతా గడ్డి దుబ్బులు నాటమని మార్చిలోనే చెప్పారు.
బడ్జెట్లో గడ్డికి గడి లేదు.

కింద పెద్ద గుంట.
మిరపకాయలు నూరిన రోలు కడిగినట్టు
కొండ మీది నీళ్లన్నీ అందులోకే.
గుంటకో తూము, తూముకో చక్రం,
చక్రానికి తాళం, తాళంచెవి నా మెడలో.
తూము దాటితే వాగు.
వాగు దాటితే సుమి వలలు.

సుమి మొజుకు పండిస్తుంది.
తడిజుట్టులా జారే సముద్రపు నాచు అది.
నీళ్లలో మునిగి గొట్టంతో పీల్చి కోస్తుంది.
ఏప్రిల్, మే, జూన్, అంతే.
ఆ మూడు నెలల మీదే ఏడాదంతా.

నాలుగేళ్ల కింద పైన రోడ్డు వేసినప్పుడు
ఒక గుప్పెడు తెచ్చి నా ముందు పెట్టింది.
“నములు” అంది.
పళ్ల కింద కరకర.
నోట్లో మన్ను కొట్టడమంటే ఏమిటో
నాలుకకి తెలిసింది.
ఆ రోడ్డుకి మట్టి తోలిన లారీ నాది.
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

తెల్లారుజామున నాలుగింటికి ఇరెయి ఫోను.
“తొకేషీ, గుంట నిండిందా?”
“ఇంకో జానెడు ఉంది.”
“ఆరింటికి కాంక్రీటు లారీలు బయల్దేరతాయి.
పునాది గోతిలో నీళ్లు ఎక్కడికి తోడను?
తూము తిప్పెయ్.
ఈ చీకట్లో ఎవరు చూస్తారు?”

నా దగ్గరొక మూరెడు గాజుగొట్టం ఉంది.
అడుగున నల్లటి ఇంటూ గుర్తు.
గుంట నీళ్లు నింపి పైనుంచి చూడాలి.
గుర్తు కనబడితేనే తూము.
టార్చి వేసి చూశాను. ఎరుపు.
సగం పారబోసి చూశాను. ఎరుపు.
నాలుగు వేళ్ల లోతు మిగిలాక
నా కన్ను నాకే కనబడింది,
గుర్తు కాదు.

“కనబడలేదు” అన్నాను.
“ఏంటి?”
“అడుగు.”

ఇరెయి నీళ్లు నమిలాడు.
చెడ్డవాడు కాదు.
అతని పైన ఒకడు, వాడి పైన తోక్యోలో ఇంకొకడు,
వాళ్లెవరి పళ్ల కిందా ఏదీ కరకరలాడలేదు.
“పుస్తకంలో రాయకు” అన్నాడు చివరికి.
అప్పటికే రాశాను.
తేదీ, వేళ, వాన, నాలుగు వేళ్లు, కనబడలేదు.
పెన్సిలుతో.
తడి కాగితం మీద పెన్ను సాగదు.

లారీలు రాలేదు,
ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ.
గట్టు మీద ఇంకో వరస బస్తాలు పేర్చాం,
ఇరెయి కూడా, ఆఫీసు బూట్లతోనే.
రెండో రాత్రి ఒక బస్తా కుట్టు ఊడి
తువ్వాలంత వెడల్పున ఎరుపు
వాగులో పడింది.
అడ్డు పెట్టేలోగా పది నిమిషాలు.
ఆ పది నిమిషాలూ రాశాను.

వాన తెరిపిచ్చింది.
మట్టికి మన తొందర తెలీదు,
ఊరకుండనిస్తే దిగుతుంది.
నిలకడ మీద నిజం తెలుస్తుందని అంటుంటారు,
అన్నవాడెవడో ఇలా గట్టున కూర్చునే ఉంటాడు.

నాలుగో పొద్దున గొట్టం అడుగున
మొదట మసక మచ్చ,
తర్వాత గీత మీద గీత.
చక్రం పావు వంతు తిప్పాను.
పైనీళ్లు మాత్రమే, మెల్లగా.

డ్యూటీ దిగి ఒడ్డుకి నడిచాను.
సుమి పడవలో గొట్టం చుట్టలు సర్దుతోంది.
“మొన్నటి ఎరుపు మీదేనా?”
“మాదే. పది నిమిషాలు.”
తల ఎత్తలేదు.
“ఆ రోడ్డప్పుడు…” అన్నాను,
“లారీ నాది.”

చాలాసేపు అలలే మాట్లాడాయి.
గొట్టం కొస ఒకటి నా చేతిలో పెట్టింది.
అనుకున్నదానికంటే బరువు.
నీళ్లు ఇంకా కొంచెం మసకగానే ఉన్నాయి.
ఆమె దూకింది.